మొహాలు తనవి, అక్షరాలు నావి

ఆమె రోజూ పొద్దున్నే పేపరును తలకిందులుగా పట్టుకుని చూసేది.

మా ఇంటికీ వాళ్ళింటికీ మెట్లు ఒకటే. మూడో అంతస్తులో ఇటు మా గుమ్మం, అటు వాళ్ళ గుమ్మం, మధ్యలో నాలుగడుగుల చోటు. పేపరు మనిషి పేపరు పడేసి కిందికి దిగుతుండగానే ఆమె తలుపు తీసేది. ఒక కాలికి చెప్పు వేసుకుంటూనే పేపరు అందుకుని, తిరగేసి పట్టుకుని, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఫోటోలు మాత్రం చూసేది. ఒక్క అక్షరం చదివేది కాదు. అయ్యాక, ఎవరూ విప్పని పేపరులాగా మళ్ళీ మడిచి, మా తలుపు కింది సందులోంచి లోపలికి తోసేది. తర్వాత గబగబా మెట్లు దిగే చప్పుడు. నేను ప్రార్థన ముగించి కళ్ళు తెరిచేసరికి పేపరు గడప లోపల ఉండేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "ఏమమ్మా, పేపరు ఎటువైపు నుంచి పట్టుకోవాలో మీ ఆఫీసులో ఎవరూ చెప్పలేదా?"

నవ్వింది. "తిన్నగా పట్టుకుంటే మొహం మనతో మాట్లాడటం మొదలుపెడుతుంది పిన్నిగారూ. ఆ మాటల్లో పడిపోతాం. తిరగేస్తే అది ఉత్త ఫోటో. ఎక్కడ కోశారో, ఎక్కడ దిద్దారో, సిరా ఎక్కడ ఎక్కువైందో అప్పుడు కనపడుతుంది."

"మరి వార్తలు?"

"అక్షరాలు మీకు. మొహాలు నాకు."

నేను చదువుకున్నది ఊరి బడిలో, ఎనిమిదో తరగతి దాకా. మాకు చదువు చెప్పిన అయ్యవారు ఒక మాట అంటుండేవారు. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చదవాలి, లేని అక్షరాన్ని చదివితే దేవుడి ముందు దొంగతనం చేసినట్టే అని. అక్షరాలు నావంటే నాకు కొంచెం గర్వంగానే అనిపించింది.

ఆమె పనిచేసేది ఆ పేపరు ఆఫీసులోనే, ఫోటోల గదిలో. ఇరవై రెండేళ్ళ నుంచి. ఆఫీసులో అందరూ ఆమెను కవర్లక్క అనేవారు. ఒకసారి నేనూ వెళ్ళి చూశాను ఆ గదిని. నేలకింది గది, కిటికీ లేదు. నాలుగు గోడలకీ ఇనప బీరువాలు, బీరువాల నిండా గోధుమరంగు కవర్లు. పేరున్న ప్రతి మనిషికీ కొన్ని కవర్లు. ప్రతి కవరు మీదా పెన్సిలుతో ఆమె రాసిన రెండు మూడు మాటలు: నవ్వుతూ. కోపంగా. నిండుగా. చెమటతో. నోరు తెరిచినవి. ఫోటో వెనక తేదీ, చోటు. గది బయట కాపలా మనిషి ఆమె కోసం స్టూలు వేసి ఉంచేవాడు, మెట్లెక్కేముందు కాసేపు కూర్చుని ఊపిరి తీసుకుంటుందని. ఆయనకి రోజూ ఇంటినుంచి రెండు బ్రెడ్డు ముక్కలు తెచ్చేది.

పైనుంచి చీటీ వచ్చేది. చీటీలో మూడే మాటలు. ఎవరు, ఎలా, ఎంత. ఫలానా మంత్రి, కోపంగా, రెండు వేళ్ళంత. ఆ చీటీలు రాసే ఉపసంపాదకుణ్ణి ఆమె చీటీల సారు అనేది. వార్త ఏమిటో చీటీలో ఉండదు. కానీ ఆ మధ్య మాటను బట్టి రేపు ఎవరిని ఎత్తుతారో, ఎవరిని దింపుతారో ఆమె ముందే చెప్పేది. సాయంత్రం మా ఇంట్లో టీ తాగుతూ, "రేపు ఆర్థికమంత్రికి మూడింది పిన్నిగారూ, నోరు తెరిచింది అడిగారు" అనేది. పొద్దున్న చూస్తే అలాగే ఉండేది. ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇంట్లో ఆమె, వాళ్ళమ్మ. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే, "మంచి మొహాలన్నీ కవర్లో పెట్టేశాను" అని నవ్వేసేది. వాళ్ళమ్మకి చదువు రాదు, చూపు కూడా అంతంతమాత్రం. చెవులు మాత్రం చురుకు. మెట్ల మీద అడుగు పడితే ఎవరిదో చెప్పేది. నన్ను వదినా అనేది.

చిన్నోడు ఉండేవాడు. ఆమె తమ్ముడు, ఆమె కన్నా పన్నెండేళ్ళు చిన్న. సభలకి మైకులు కట్టే పని. ఏ పార్టీ పిలిస్తే ఆ పార్టీకి కట్టేవాడు. "నాకు రాజకీయం తెలీదు పిన్నిగారూ, గొంతు ఎంత దూరం పోవాలో అదే తెలుసు" అనేవాడు నాతో. బరువు సంచీతో నేను మెట్లెక్కుతుంటే అడక్కుండానే అందుకునే పిల్లాడు.

తొమ్మిదేళ్ళ కిందట, అప్పటికి ప్రతిపక్షంలో ఉన్న నాయకుడు మైదానంలో పెద్ద సభ పెట్టాడు. జనం పట్టలేదు. వెనక గేటు గడియ వేసి ఉంది. తొక్కిసలాటలో పదకొండుమంది పోయారు. చిన్నోడు తీగలు వదిలేసి పరిగెత్తుకెళ్ళి గడియ లాగాడు. గేటు తెరుచుకోగానే ముందుకి తోసుకొచ్చిన జనం కిందే పడిపోయాడు. ఆ గేటులోంచి బతికి బయటపడిన ఇద్దరు ఆడవాళ్ళు తర్వాత ఇంటికొచ్చి వాళ్ళమ్మ చేతులు పట్టుకుని కూర్చున్నారు. ఇరవై నాలుగేళ్ళవాడు.

మర్నాడు పేపరులో చిన్నోడి ఫోటో వచ్చింది. గుర్తింపు కార్డు మీది బిగుసుకున్న మొహం. పైన పెద్దక్షరాలు: గడియ తీసినవాడు. ఆ తర్వాత ప్రతి ఏడూ అదే తేదీన, మొదటి పేజీ కింది మూల, బొటనవేలంత ఫోటోతో అదే వార్త వేసేవారు. పదకొండుమంది చావుకి ఆ నాయకుడు జవాబు చెప్పాలని చివర్న రాసేవారు. చదివేదాన్ని కనక నాకు తెలుసు, వాళ్ళు చిన్నోడి మీద ప్రేమతో రాయలేదు. ఆ పేపరు అప్పటి దేశాధ్యక్షుడి పక్షం. ఆ నాయకుణ్ణి ఏడాదికోసారి కొట్టడానికి మా చిన్నోడు చేతికర్రగా పనికొచ్చాడు. అయినా అందులో రాసింది నిజమే. దేవుడు ఒక్కోసారి నిజాన్ని ఎవరి నోటనైనా పలికిస్తాడు, సరే అనుకునేదాన్ని.

ఏటా ఆ రోజుకి వాళ్ళింట్లో పద్ధతి ఒకటి ఏర్పడింది. ఆమె సెలవు పెట్టేది. వాళ్ళమ్మ తెల్లవారుజామునే లేచి తల దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, చేతుల కుర్చీలో కూర్చునేది. అది చిన్నోడు మొదటి జీతంతో కొన్న కుర్చీ. భూతద్దం పెట్టి ముందు ఫోటో చూసుకునేది. తర్వాత నేను చదవాలి. కూతురు చదవలేదు. మొదటి ఏడు మొదలుపెట్టి రెండో వాక్యం దగ్గర లేచి వెళ్ళిపోయింది. అప్పటినుంచి ఆ పని నాది. పన్నెండు వాక్యాలు. 'గడియ తీసిన చేతిని అతడు వెనక్కి తీసుకోలేదు' అని ఒక వాక్యం ఉంది. అక్కడికి రాగానే వాళ్ళమ్మ, "అది మళ్ళీ చదువు వదినా" అనేది. మళ్ళీ చదివేదాన్ని. అప్పుడు ఆ మొహం ఒక్క క్షణం వయసులోకి వెళ్ళి వచ్చేది.

"ఆ ఒక్క పొద్దు కోసం మిగతా ఏడాదంతా లాక్కొస్తున్నాను వదినా" అంది నాతో ఒకసారి.

ఇలా ఎనిమిదేళ్ళు గడిచాయి. తొమ్మిదో ఏడు ఎన్నికలు వచ్చాయి. ఆ నాయకుడే అధ్యక్షుడయ్యాడు.

ఫలితాలు వచ్చిన మధ్యాహ్నం చీటీల సారు చీటీ పంపకుండా తనే కిందికి దిగి వచ్చాడట. ఇరవై రెండేళ్ళలో ఆ మెట్లు ఆయన దిగడం అదే మొదలు.

"నిండుగా ఉన్నది ఒకటి తియ్యి అక్కా. ముప్పావు పేజీకి."

ఆ నాయకుడి కవర్లు తీసింది. నోరు తెరిచినవి, రెండు కవర్లు పట్టనన్ని. చెమటతో, ఒక కవరు నిండా. తూలుతున్నవి, తింటున్నవి, ముక్కు చీదుతున్నవి. నిండుగా అని రాసిన కవరులో వేలు పెడితే దుమ్ము అంటుకుంది.

"ఒక్క మంచి మొహం లేదా మీ గదిలో?"

"మీరు అడిగినవే దాచాను సారూ. ఆయనకి మంచి మొహం ఎప్పుడూ అడగలేదు. ఉన్న నాలుగూ స్థలం దండగని మీరే పారేయించారు. మీ సంతకంతో కాగితం కూడా ఉంది."

"ఆ కాగితం చించెయ్" అన్నాడాయన.

చివరికి వెతగ్గా వెతగ్గా, ఎవరో స్నేహితుడు పోయినప్పుడు శవపేటిక పక్కన గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచి నిలబడ్డ ఫోటో దొరికింది. శవపేటికను కోసేశారు. ఫోటోలకి మెరుగులు దిద్దే ముసలాయన ఒకడున్నాడు, సన్న కుంచెతో మొహాల మీద మచ్చలు చెరుపుతుంటాడు, ఆయన్ని కుంచె తాత అనేవారు. శవపేటిక అంచు మీద పడ్డ పూలను ఆయన తుడిచేశాడు. మర్నాడు పొద్దున్న నేను చదివాను: జాతి ముందు వినయంగా.

"దుఃఖాన్ని గంటలో వినయం చేశాను కవర్లక్కా, నా చేతికి ముద్దుపెట్టు" అన్నాడట కుంచె తాత.

తర్వాత మూడు రోజులు ఆమె రబ్బరు పెట్టి కవర్ల మీద రాతలు చెరిపింది. పాత అధ్యక్షుడి నవ్వులు బస్తాకెత్తి పంపేసింది. ఆయన విమానం మెట్ల మీద తూలిన ఫోటో ఒకటి ఉండేది. ఎవరికీ చూపించొద్దని ఆరేళ్ళ కిందట కవరుకి లక్కముద్ర వేసి ఇచ్చారు. ఇప్పుడు లక్క పగలగొట్టి వారానికి రెండుసార్లు వేశారు. రొట్టెల దుకాణం ముందు చీకట్లో నిలబడ్డ జనం ఫోటోలు పాత రోజుల్లో ఎప్పుడూ వేయలేదు. అవి ఇప్పుడు ఒక్కొక్కటే బయటికొచ్చాయి, నిన్నటి చీకటి అని పేరు పెట్టుకుని. దుకాణం ముందు జనం మాత్రం ఇప్పుడూ అలాగే నిలబడుతున్నారు. నేనూ నిలబడుతున్నాను. ఈ ఇప్పటి జనం ఫోటోలు కొత్తగా లక్క వేసిన కవర్లోకి వెళ్ళాయి.

అక్షరాలు కూడా మారాయి. నిన్నటిదాకా ఆ నాయకుడికి ఉత్త పేరే ఉండేది. ఒక్క రాత్రిలో గారు చేరింది. వారం తిరక్కుండా పేరు కూడా పోయి, అధ్యక్షులవారు అని మిగిలింది. సంపాదకుడు అదే మనిషి, చీటీల సారు అదే మనిషి, కుర్చీలూ అవే. నాకు కోపం రాలేదు. వాళ్ళకీ పిల్లలుంటారు, వాళ్ళకీ భయముంటుంది అనుకున్నాను. అలా అనుకోవడం సుఖంగా కూడా ఉండేది. ఎందుకంటే అప్పటికి అది వేరేవాళ్ళ సంగతి.

ఆ తేదీ దగ్గరపడుతుంటే వాళ్ళమ్మకి నిద్ర తగ్గింది.

"ఇప్పుడు కుర్చీలో ఉన్నది ఆయనే కదే పెద్దమ్మాయీ. మన చిన్నోణ్ణి వేస్తారా?"

"చూద్దాంలే అమ్మా."

"వెయ్యకపోతే చెప్పు. కాచుక్కూర్చుని ఉత్త పేపరు చూడలేను."

ఆమె నాలుగు రోజులు తటపటాయించి, చివరికి వరండాలో చీటీల సారుకి ఎదురెళ్ళి అడిగింది. ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. "సారూ, మా తమ్ముడిది ఈసారి..."

ఆయన కాసేపు ఆమె మొహం వైపే చూశాడట. "వేస్తాం" అన్నాడు. "ఎందుకు వెయ్యం."

సరిగ్గా రెండు రోజుల ముందు చీటీ వచ్చింది. ఆ సాయంత్రం ఆమె మెట్లెక్కిన వేగం చూసి ఏమైందోనని నేనే తలుపు తీశాను. చీటీని చేతిలో పెట్టుకుని వచ్చింది. అలా ఎప్పుడూ తేలేదు, తేకూడదు కూడా.

"చదవండి పిన్నిగారూ."

మైకు కుర్రాడు. నవ్వుతూ. అరచేయంత.

"మొదటి పేజీలో పైనంట. చూశారా, నవ్వుతూ అన్నారు. ఇరవై రెండేళ్ళ నుంచి చీటీలు చూస్తున్నాను. తిట్టబోయేవాడికి నవ్వుమొహం ఎవరూ అడగరు."

నేనూ నమ్మాను. ఆమె చీటీ చదవడం ఎప్పుడూ తప్పలేదు కదా. ఆ కొత్త అధ్యక్షుడికి మనసు కరిగిందేమో, పోయినవాళ్ళని తలుచుకోమన్నాడేమో అనుకుని ఆ సాయంత్రం ఆయన పేరు కూడా చెప్పుకుని ప్రార్థన చేశాను.

ఆఫీసు కవరులో ఉన్నది గుర్తింపు కార్డు ఫోటో ఒక్కటే. నవ్వుతున్నది ఇంట్లో ఉంది, గోడ మీద, కుర్చీకి ఎదురుగా. కుర్చీ కొన్న రోజు ఆమే తీసింది, ఆఫీసు కెమెరా తెచ్చి. అద్దం మీది మూత తీయకుండానే, "కదలకు, కదలకు" అంటూ రెండుసార్లు నొక్కిందట. చిన్నోడు అది చూసి పడీపడీ నవ్వుతుంటే మూడోసారి పడ్డ ఫోటో. కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, తల వెనక్కి వాల్చి, పై పన్ను ఒకటి వంకరగా కనపడేలా నవ్వుతుంటాడు. అక్కని చూసి నవ్విన నవ్వు అది. ఇంకో ప్రతి లేదు.

వాళ్ళమ్మ ఒప్పుకుంటుందో లేదోనని నన్ను కూడా లోపలికి పిలిచింది.

"తీసుకెళ్ళవే" అంది వాళ్ళమ్మ వెంటనే. "నేనొక్కదాన్నే చూస్తే ఏం లాభం. ఊరంతా చూడనీ." ఫ్రేములోంచి తీస్తుంటే తన అరచేత్తో ఒకసారి తుడిచింది. "ఆ కుంచె ఆయనకి చెప్పు, పన్ను దిద్దొద్దని. అది వాడి పన్ను."

"దిద్దనివ్వను అమ్మా. నేనే పక్కన నిలబడతాను."

నిలబడింది కూడా. కుంచె తాత ఆ ఫోటో అందుకుని వెనక్కి తిప్పి చూశాడట.

"ఇది ఇంటి ఫోటో కదే. ఇంటికే తీసుకుపో."

"చీటీలో నవ్వుతూ అని ఉంది తాతా."

"దొరకలేదని రాసెయ్. ఎలకలు కొట్టేశాయని రాసెయ్. నీ గదిలో ఎలకల్లేవని వచ్చి ఎవడు చూస్తాడు?"

"మీకేమైంది ఇవాళ? మా అమ్మ గోడ మీంచి తీసిచ్చింది."

ఆయన కుంచెను నీళ్ళల్లో ముంచి, అద్దకుండానే మళ్ళీ తుడిచి పక్కన పెట్టాడు. "నాకింకా ఏడు నెలలుందమ్మా" అన్నాడు. ఉద్యోగం అయిపోవడానికి ఎన్నాళ్ళుందో ఆయన రోజూ లెక్కపెట్టుకునేవాడు కనక ఆమె అదో మాటగా తీసుకోలేదు. "దీని మీద మాత్రం నేను చెయ్యి వెయ్యను" అన్నాడట ఆఖరికి. పన్ను వంకరతో సహా ఉన్నదున్నట్టు పైకి పంపించాడని ఆమె ఆ సాయంత్రం మాకు ఎంతో మురిపెంగా చెప్పింది. ఫోటో మాత్రం ఇంకా తిరిగి ఇవ్వలేదంది. రేపటి తర్వాత ఇంకో రెండు రోజులు కూడా దానితో పనుందన్నారట.

"మూడు రోజులు వేస్తారా?" అంది వాళ్ళమ్మ. ఆవిడ అంత గట్టిగా మాట్లాడటం నేను చాలా ఏళ్ళ తర్వాత విన్నాను.

ఆ పొద్దున నేను ప్రార్థన తొందరగా ముగించి, ఇస్త్రీ బట్టలు కట్టుకుని కూర్చున్నాను. ఏటా ఆ రోజు పేపరు మనిషి రెండు పేపర్లు ఇచ్చేవాడు. ఒకటి పెట్టెలో దాచుకోవడానికని రెండోది ఊరికే ఇచ్చేవాడు. గుమ్మం దగ్గర ఆగి, వాళ్ళమ్మ ఇచ్చే టీ తాగి, "మంచివాడమ్మా" అని ఒక్క మాట అని వెళ్ళేవాడు. ఆ రోజు మెట్ల మీద అడుగుల చప్పుడు వచ్చింది, పేపరు పడిన చప్పుడు వచ్చింది, అడుగులు వెంటనే కిందికి దిగిపోయాయి.

"అతనే. టీ తాగలేదేం?" అంది లోపలినుంచి వాళ్ళమ్మ.

"ఆలస్యమైందేమో అమ్మా."

నేను తలుపు తీసేసరికి ఆమె గుమ్మంలో నిలబడి ఉంది, పేపరు తలకిందులుగా పట్టుకుని. మొదటి పేజీ పైభాగాన అరచేయంత చిన్నోడు.

"ఎక్కడా దిద్దలేదు పిన్నిగారూ. సిరా కూడా సమానంగా దిగింది. పన్ను చూడండి ఎంత చక్కగా వచ్చిందో." కళ్ళు తుడుచుకుంది. "ఇంత బాగా ఎప్పుడూ వెయ్యలేదు."

లోపల వాళ్ళమ్మ కుర్చీలో ఉంది. ఎదురు గోడ మీద ఫ్రేము ఉన్నచోట తెల్లగా నలుచదరపు మచ్చ. ఆమె పేపరును తల్లి ఒళ్ళో పెట్టి భూతద్దం చేతికిచ్చింది. వాళ్ళమ్మ వంగి, మొహం పేపరుకి తాకేదాకా వంగి, చాలాసేపు చూసింది. ముద్దుపెట్టుకుంది. పెదవులకి నల్లగా సిరా అంటింది. ఆమె నవ్వుతూ తల్లి మూతి తుడిచి టీ పెట్టడానికి వంటగదిలోకి వెళ్ళింది.

"ఈసారి అక్షరాలు కూడా ఎక్కువున్నాయి కదూ వదినా? నల్లగా పేజీ నిండా కనపడుతున్నాయి. నిదానంగా చదువు."

నేను కళ్ళజోడు పెట్టుకున్నాను.

గడియ వేసింది ఇతడే.

పైన అదే ఉంది. నేను మళ్ళీ చూశాను. ఆ సభ రోజు వెనక గేటు గడియ వేసింది ఈ మైకు మనిషేనట. పాత అధ్యక్షుడి మనుషులు ఇతణ్ణి పంపారట. లోపల జనం నలిగిపోతుంటే తీగల పక్కన నిలబడి నవ్వడం చూసినవాళ్ళున్నారట. తొమ్మిదేళ్ళు తమ పత్రికను కూడా మోసం చేశారని, నిజం ఇప్పటికి బయటపడిందని. ఫోటో కింద సన్నగా రెండు మాటలు: ఆ నవ్వు. అన్నిటికన్నా చివర, గీత గీసిన పెట్టెలో: ఇంట్లో వాళ్ళు ఏం దాస్తున్నారు? రేపు.

నాకు అప్పుడు అర్థమైంది ఆ చీటీ. తొమ్మిదేళ్ళు వాళ్ళకి బిగుసుకున్న మొహం చాలింది. ఈసారి నవ్వే కావాల్సి వచ్చింది.

"ఏం వదినా, అద్దాలు మసకేశాయా?"

"ఆ... కొంచెం" అన్నాను. తుడిచాను. పెట్టుకున్నాను. మళ్ళీ తుడిచాను. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చదవాలంటే ఈ ముసలి ప్రాణం ఇక్కడే ఈ కుర్చీలోనే పోతుంది. లేనిది చదవడం నాకు చేతకాదు. పదేళ్ళప్పటినుంచి ఒక్కసారి కూడా చదవలేదు. దేవుడా, ఒక్క క్షణం నా కళ్ళు తీసేసుకో అనుకున్నాను. తీసుకోలేదు.

ఆమె టీ గ్లాసులతో వచ్చింది. నా మొహం చూసింది. మొహాలు చదివే మనిషి కదా, ఇంకేం అడగలేదు. గ్లాసులు కిందపెట్టి, నా చేతిలోంచి పేపరు తీసుకుని, దాన్ని తిన్నగా తిప్పి పట్టుకుంది. ఆమె పేపరును తిన్నగా పట్టుకోవడం నేను మొదటిసారి చూశాను.

చదివింది. పైనుంచి కింది దాకా, పెట్టెలో ఉన్నదాంతో సహా. కళ్ళు ఒక వరస నుంచి ఇంకో వరసకి మెల్లగా కదలడం కనపడుతూనే ఉంది. ఒకచోట చూపు ఆగి, ఎదురు గోడ మీది తెల్లమచ్చ దాకా పోయి తిరిగొచ్చింది. ఆ ఫోటో తీసింది తను. గోడ మీంచి దింపింది తను. పన్ను దిద్దనివ్వకుండా పక్కన నిలబడింది తను. ఏడుస్తుందనుకున్నాను. తల్లి చెవులు అక్కడే ఉన్నాయి, ఊపిరి గట్టిగా వదిలినా పట్టేసే చెవులు. ఊపిరి కూడా వదల్లేదు.

"ఏం చేస్తున్నారే ఇద్దరూ? పెద్దమ్మాయీ, పేపరు నువ్వు లాక్కున్నావా?"

"వంకరగా మడిచారు అమ్మా. సరిచేస్తున్నాను."

పేపరు మడత సవరించి, మళ్ళీ నా ఒళ్ళో పెట్టింది. నా పక్కన నేలమీద కూర్చుని నా మోకాలి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి మంచులా ఉంది. గొంతు మాత్రం రోజూ మెట్ల మీద పలకరించే గొంతే.

"నిరుడు ఎలా చదివారో అలాగే చదవండి పిన్నిగారూ. అమ్మకి ఆ వరసే అలవాటు. ఆ చేతిని వెనక్కి తీసుకోలేదన్న దగ్గర రెండుసార్లు చదవండి." తల్లి వైపు ఒకసారి చూసి, మళ్ళీ నా వైపు తిరిగింది. "రేపు కూడా వేస్తారట కదా. రేపూ మీరే వచ్చి చదివిపెట్టండి. ఎల్లుండి కూడా."